ఫ్రేమ్‌ రిలే పరికరాలు: అమర్చడం ఒక ఎత్తు, అడిగి తెలుసుకోవడం ఒక ఎత్తు

తెలుగుదేశం వెలుపల స్థిరపడిన తెలుగువారి భాషకూ బతుకుకూ సంబంధించిన ఈ పత్రికలో యంత్రాల మీద వ్యాసం ఎందుకని పాఠకులు అడగవచ్చు. బెంగళూరు, చెన్నై, ముంబయి వంటి నగరాల్లో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాల పిల్లలు అనేకులు బడిలో కన్నడమో తమిళమో మరాఠీయో చదివి, ఉద్యోగంలో ఇంగ్లీషుతో పని జరుపుకొని, ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడతారు. తాము రోజంతా చేసే పని ఏమిటో అమ్మకో తాతకో తెలుగులో చెప్పవలసి వచ్చేసరికి మాటలు తడుముకుంటారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాలకు కావలసిన పరిభాషను సమకూర్చింది. అయితే పుస్తకంలో మాట వేరు, పనిచోట నలిగే మాట వేరు. ఈ వ్యాసంలో మేము రూటర్‌, స్విచ్‌, లైను వంటి పనివారి మాటలను అలాగే ఉంచి, వాటి వెనుక ఉన్న భావాన్ని తెలుగులో విప్పి చెప్పదలచాము.

ఇందుకు ఫ్రేమ్‌ రిలే అనే పద్ధతిని ఎంచుకున్నాము. 1990లలో ఊరూరా శాఖలున్న సంస్థలు తమ కంప్యూటర్లను కలుపుకోవడానికి ప్రపంచమంతటా దీన్ని విరివిగా వాడాయి. 2000 తరువాత ఎం.పి.ఎల్‌.ఎస్‌., ఈథర్‌నెట్‌ సేవలు క్రమంగా దీని స్థానాన్ని ఆక్రమించాయి. పద్ధతి పాతబడినా అది నేర్పిన పాఠం పాతబడలేదు. పరికరానికి మనం చెప్పింది ఒకటి, అది నిజంగా చేస్తున్నది మరొకటి కావచ్చు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం తెలిసినవాడే పనివాడు.

ఫ్రేమ్‌ రిలే అంటే ఏమిటి

దీనికి ముందు ఎక్స్‌.25 అనే పద్ధతి ఉండేది. అప్పటి టెలిఫోను లైన్లలో చప్పుళ్లూ తప్పులూ ఎక్కువ. అందువల్ల దారిలో ప్రతి మజిలీ దగ్గరా సమాచారాన్ని ఆపి, సరిచూసి, తప్పుంటే మళ్లీ పంపించుకొనేవారు. గాజు తీగల లైన్లు వచ్చాక తప్పులు బాగా తగ్గాయి. మజిలీ మజిలీకీ అంత తనిఖీ అనవసరమనిపించింది. ఫ్రేమ్‌ రిలేలో స్విచ్‌ చేసే పని స్వల్పం. వచ్చిన సమాచారపు మూట చెడిపోయి ఉంటే పారేస్తుంది, బాగుంటే ముందుకు తోస్తుంది. పోయినదాన్ని మళ్లీ అడిగి తెప్పించుకొనే బాధ్యత రెండు చివర్లలోని కంప్యూటర్లదే. ఈ మూటనే ఫ్రేమ్‌ అంటారు. ఒకరి చేతినుంచి మరొకరు అందుకొని పరుగెత్తే పందెం రిలే. పేరు అలా వచ్చింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక బట్టల వ్యాపార సంస్థకు బెంగళూరులో ప్రధాన కార్యాలయం, హోసూరు, బరంపురం, షోలాపూర్‌, యానాంలలో శాఖలు ఉన్నాయనుకుందాం. మన పాఠకులకు తెలిసిన ఊళ్లని ఈ పేర్లు వాడుతున్నామే తప్ప ఇది నిజంగా ఉన్న సంస్థ కాదు. అయిదు చోట్లనూ ఒకదానితో మరొకటి సొంత లైన్లతో కలపాలంటే పది లైన్లు అద్దెకు తీసుకోవాలి. ఫ్రేమ్‌ రిలేలో ఒక్కొక్క ఊరినుంచి దగ్గరి స్విచ్‌ వరకు ఒక్క లైను చాలు. అక్కడినుంచి సేవ అందించే సంస్థ తన స్విచ్‌లలో పట్టికలు రాసి, బెంగళూరుకూ ప్రతి శాఖకూ మధ్య ఒక దారి ఏర్పరుస్తుంది. ఆ దారికి ప్రత్యేకంగా తీగ ఉండదు. లెక్కల్లో మాత్రమే ఉండే శాశ్వత మార్గం అది. దాన్ని పి.వి.సి. అంటారు. మన సంస్థకు నాలుగు పి.వి.సి.లు చాలు. శాఖకూ శాఖకూ మధ్య సమాచారం బెంగళూరు మీదుగా నడుస్తుంది.

ఒకే దారికి రెండు పేర్లు

ఒక్క లైనులో నాలుగు దారులు ఇమిడి ఉన్నప్పుడు ఏ ఫ్రేమ్‌ ఏ దారిదో తెలియాలి. అందుకు ప్రతి ఫ్రేమ్‌ తలభాగంలో పది బిట్ల సంఖ్య ఒకటి ఉంటుంది. దాన్ని డి.ఎల్‌.సి.ఐ. అంటారు. పది బిట్లతో 0 నుంచి 1023 వరకు సంఖ్యలు వస్తాయి. మొదట కొన్ని, చివర కొన్ని స్విచ్‌ తన అవసరాలకు ఉంచుకుంటుంది. వాడుకరులకు 16 నుంచి మొదలవుతుంది.

కొత్తగా నేర్చుకొనేవారు తికమకపడేది ఇక్కడే. ఈ సంఖ్య దారి పొడవునా ఒకటిగా ఉండదు. ఇది కేవలం రూటర్‌కూ దాని ఎదుటి స్విచ్‌కూ మధ్య మాట. బెంగళూరు రూటర్‌ దృష్టిలో హోసూరు దారి 102 కావచ్చు. అదే దారిని హోసూరు రూటర్‌ 201 అనవచ్చు. మన చుట్టరికాల వరుసలు గుర్తు చేసుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. ఒకే మనిషి ఒకరికి మేనమామ, మరొకరికి బావ, ఇంకొకరికి అల్లుడు. మనిషి మారలేదు, పిలిచేవారు మారారు. అందుకే నాలుగు శాఖల్లోనూ బెంగళూరు దారికి 201 అనే సంఖ్యే ఉన్నా ఏ చిక్కూ లేదు. బెంగళూరులో మాత్రం నాలుగు దారులకు నాలుగు వేర్వేరు సంఖ్యలుండాలి. హోసూరుకు 102, బరంపురానికి 103, షోలాపూర్‌కు 104, యానాంకు 105 అనుకుందాం.

రూటర్‌కు చెప్పవలసిన సంగతులు

రూటర్‌ను అమర్చేటప్పుడు ముఖ్యంగా నాలుగు సంగతులు చెప్పాలి.

మొదటిది, స్విచ్‌తో ఏ భాషలో మాట్లాడాలన్నది. రూటర్‌ మామూలుగా పది సెకన్లకు ఒకసారి స్విచ్‌ను పలకరిస్తుంది. స్విచ్‌ జవాబిస్తుంది. ప్రతి ఆరో పలకరింపుకు తన దగ్గరున్న దారులన్నింటి జాబితా, వాటి స్థితి చెబుతుంది. ఈ సంభాషణను ఎల్‌.ఎం.ఐ. అంటారు. 1990లో సిస్కో, డిజిటల్‌ ఎక్విప్‌మెంట్‌, నార్తర్న్‌ టెలికాం, స్ట్రాటాకాం అనే నాలుగు సంస్థలు కలిసి దీన్ని రూపొందించాయి. తరువాత అమెరికా ప్రమాణాల సంస్థ ఒక రూపాన్ని, అంతర్జాతీయ టెలికాం సంఘం మరొక రూపాన్ని ప్రకటించాయి. మొదటి రూపం 1023 అనే సంఖ్య మీద మాట్లాడుతుంది, మిగిలిన రెండూ 0 మీద మాట్లాడతాయి. రూటర్‌ ఒక రూపంలో పలకరిస్తే స్విచ్‌ మరొక రూపం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఇద్దరూ మూగవారే. నాలుగు పలకరింపుల్లో మూడు విఫలమైతే లైను పడిపోయినట్లే లెక్క కడతారు. తీగ మాత్రం నిక్షేపంలా ఉంటుంది.

రెండవది, ఫ్రేమ్‌ లోపల సమాచారాన్ని ఏ పద్ధతిలో చుట్టాలన్నది. సిస్కో రూటర్లకు తమదైన చుట్టుబడి ఒకటి ఉంది. అన్ని తయారీలవారికీ ఉమ్మడిగా ఉండే పద్ధతిని 1993లో ఆర్‌.ఎఫ్‌.సి. 1490 అనే పత్రంలో నిర్ణయించారు. రెండు చివర్లా రెండు తయారీల రూటర్లుంటే ఉమ్మడి పద్ధతినే అమర్చాలి.

మూడవది, ఏ చిరునామాకు ఏ డి.ఎల్‌.సి.ఐ. అన్నది. దీన్ని చేత్తో రాయవచ్చు. లేదా అవతలి రూటర్‌ను అడిగి తెలుసుకొనేలా వదిలేయవచ్చు. ఇలా అడిగే పద్ధతికి ఇన్వర్స్‌ ఆర్ప్‌ అని పేరు. చేత్తో రాసేటప్పుడు, అందరికీ వినిపించవలసిన ప్రకటనలు కూడా ఈ దారిన పంపాలని విడిగా చెప్పాలి. ఆ ఒక్క మాట మరచిపోతే రూటర్లు తమకు తెలిసిన దారులను ఒకదానికొకటి చెప్పుకోలేవు.

నాలుగవది, నాలుగు దారులనూ ఒకే గడపగా చూడాలా, ఒక్కొక్క దారికి ఒక్కొక్క గడప కట్టాలా అన్నది. ఒక గడపలోంచి విన్న కబురును మళ్లీ అదే గడపలోంచి బయటికి చెప్పకూడదని కొన్ని దారి నిర్ణయ పద్ధతులకు నియమం ఉంది. దారులన్నీ ఒకే గడపయితే హోసూరు చెప్పిన కబురు యానాంకు చేరకపోవచ్చు. అందుకే దారికొక ఉపగడప కట్టడం మేలైన పద్ధతిగా స్థిరపడింది.

హామీ వేగం లెక్క

లైను వేగం వేరు, సేవా సంస్థ హామీ ఇచ్చే వేగం వేరు. బరంపురం లైను సెకనుకు 64,000 బిట్లు మోయగలదనుకుందాం. ఆ దారికి సంస్థ హామీ ఇచ్చింది 32,000 బిట్లే కావచ్చు. ఈ హామీ వేగాన్నే సి.ఐ.ఆర్‌. అంటారు. నెలనెలా కట్టే అద్దెలో దీని పాత్ర పెద్దది.

సంస్థ ఈ హామీని చిన్న చిన్న కాలఖండాల్లో కొలుస్తుంది. ఒక ఖండంలో హామీగా మోసే బిట్లను హామీ వేగంతో భాగిస్తే ఖండం నిడివి వస్తుంది. ఒక ఖండానికి 4,000 బిట్లు, హామీ వేగం 32,000 అయితే ఖండం నిడివి 0.125 సెకను. ఆ ఖండంలో 4,000 బిట్లు దాటి పంపితే, ఒప్పుకొన్న అదనపు హద్దు వరకు వాటిని తీసుకుంటారు గాని ఒక ముద్ర వేస్తారు. దారిలో రద్దీ వస్తే ముందుగా పారేయదగినవి ఇవి అని ఆ ముద్రకు అర్థం. అదనపు హద్దునూ దాటినవాటిని అక్కడికక్కడే వదిలేస్తారు.

రద్దీ ఏర్పడినప్పుడు స్విచ్‌లు రెండు రకాల హెచ్చరికలు చేస్తాయి. రద్దీ ఉన్న దిక్కుగా సాగే ఫ్రేమ్‌లలో ఒక బిట్‌ను వెలిగించి అందుకొనేవారికి తెలుపుతాయి. అది ఎఫ్‌.ఇ.సి.ఎన్‌. ఎదురుగా వచ్చే ఫ్రేమ్‌లలో మరొక బిట్‌ను వెలిగించి పంపేవారికి తెలుపుతాయి. అది బి.ఇ.సి.ఎన్‌. బెంగళూరు లైను వేగం 128,000 బిట్లయి, బరంపురం లైను 64,000 అయితే, బెంగళూరు రూటర్‌ తన శక్తికొద్దీ గుమ్మరించిన సమాచారం బరంపురం దగ్గర ఇరుకు గొంతులో చిక్కుకుంటుంది. బెంగళూరు రూటర్‌లో 103 దారికి వేగపు కళ్లెం వేయడమే దీనికి మందు.

అడిగితే పరికరం చెప్పే సంగతులు

ఇంతవరకు మనం చెప్పడం గురించి మాట్లాడాము. ఇక వినడం గురించి. సిస్కో రూటర్‌లో 'షో' అనే మాటతో మొదలయ్యే ఆదేశాలన్నీ అడిగే ఆదేశాలే. ఇవి దేన్నీ మార్చవు. ఫ్రేమ్‌ రిలేకు ముఖ్యమైనవి మూడు.

'షో ఫ్రేమ్‌-రిలే ఎల్‌.ఎం.ఐ.' అంటే స్విచ్‌తో సంభాషణ ఎలా సాగుతున్నదో చెబుతుంది. పంపిన పలకరింపులు ఎన్ని, వచ్చిన జవాబులు ఎన్ని, ఎదురుచూసి విసిగినవి ఎన్ని అని లెక్కలు కనిపిస్తాయి. పలకరింపుల లెక్క పెరుగుతూ జవాబుల లెక్క ఉన్నచోటనే ఉంటే భాష కలవలేదని గాని, లైను తెగిందని గాని గ్రహించాలి.

'షో ఫ్రేమ్‌-రిలే పి.వి.సి.' అంటే ప్రతి దారి స్థితినీ చెబుతుంది. ఇందులో యాక్టివ్‌, ఇనాక్టివ్‌, డిలీటెడ్‌ అనే మూడు మాటల మధ్య తేడా తెలియాలి. యాక్టివ్‌ అంటే దారి ఈ చివరనుంచి ఆ చివరకు తెరిచి ఉంది. ఇనాక్టివ్‌ అంటే మన వైపు బాగానే ఉంది, అవతలి రూటర్‌ తన స్విచ్‌తో మాట్లాడడం లేదు. డిలీటెడ్‌ అంటే మనం రాసుకున్న సంఖ్య స్విచ్‌ చెప్పిన జాబితాలో లేదు. మొదటిది కనిపిస్తే దారిని అనుమానించనక్కరలేదు. రెండవదానికి అవతలి ఊరికి ఫోను చేయాలి. మూడవదానికి ముందు మన సంఖ్య సరిచూసుకొని, ఆ తరువాత సేవా సంస్థకు ఫోను చేయాలి. ఈ తేడా తెలియనివారు మూడింటికీ ఒకే మందు వేసి, బాగున్న అమరికను కూడా చెడగొడతారు. స్విచ్‌ జాబితాలో ఉండి మనం రాసుకోని దారి పక్కన అన్‌యూజ్డ్‌ అని వస్తుంది. అలాంటిది కనిపిస్తే దానికి కూడా అద్దె కడుతున్నామేమో బిల్లు తీసి చూసుకోవాలి.

'షో ఫ్రేమ్‌-రిలే మ్యాప్‌' అంటే ఏ చిరునామా ఏ దారికి ముడిపడిందో, ఆ ముడి చేత్తో వేసినదో అడిగి తెలుసుకున్నదో, చుట్టుబడి ఏదో చెబుతుంది.

అంతా బాగుందన్నా సమాచారం నడవనప్పుడు

అసలైన పరీక్ష ఇక్కడ వస్తుంది. దారి యాక్టివ్‌ అంటుంది, సమాచారం మాత్రం చేరదు. ఎల్‌.ఎం.ఐ. చూసేది రూటర్‌కూ స్విచ్‌కూ మధ్య సంగతులనే గాని మూటలో ఏముందో కాదని గుర్తుంచుకుంటే దీని కారణం దొరుకుతుంది.

ఒక చివర సిస్కో చుట్టుబడి, మరొక చివర ఉమ్మడి చుట్టుబడి ఉంటే దారి తెరిచే ఉంటుంది, ఫ్రేమ్‌లు చేరతాయి కూడా. విప్పడమే అవతలివారికి చేతకాదు. రెండు చివర్లా నివేదికలు తీసి పక్కపక్కన పెడితే తప్ప ఇది బయటపడదు. ఒక్క చివర చూసినవాడికి ఏ తప్పూ కనిపించదు.

చేత్తో రాసిన ముడుల్లో 102, 104 తారుమారైతే హోసూరుకు పోవలసినవి షోలాపూర్‌కు పోతాయి. రెండు దారులూ యాక్టివ్‌గానే ఉంటాయి. రూటర్‌ నివేదికను సేవా సంస్థ ఇచ్చిన దారుల పట్టికతో పోల్చాలి.

వెలుగు ఉన్నంతసేపు బాగా నడిచి, కరెంటు పోయి వచ్చాక పాత స్థితికి జారిపోయే రూటర్‌ మరొక రకం. రూటర్‌లో రెండు అమరికలుంటాయి. ఒకటి ఇప్పుడు నడుస్తున్నది, మరొకటి లేచేటప్పుడు చదువుకొనేది. మార్పు చేసి, దాన్ని రెండవదానిలోకి నకలు చేయకపోతే కరెంటుతోపాటే ఆ మార్పూ పోతుంది. రెండు అమరికలనూ అడిగి తెప్పించుకొని పోల్చడం రెండు నిమిషాల పని.

దూరం నుంచి అడగడం

అయిదు ఊళ్ల రూటర్లను ఒక్కొక్కదాన్నే తెరిచి చూడడం కష్టం. బెంగళూరులో కూర్చొని అన్నింటినీ అడగడానికి ఎస్‌.ఎన్‌.ఎం.పి. అనే పద్ధతి ఉంది. దీనికోసం ఫ్రేమ్‌ రిలే పరికరాలు ఏ వివరాలను ఏ పట్టికల్లో చూపాలో 1992లో ఆర్‌.ఎఫ్‌.సి. 1315 నిర్ణయించింది. 1997లో ఆర్‌.ఎఫ్‌.సి. 2115 దాన్ని సవరించింది. ఒక పట్టికలో స్విచ్‌తో సంభాషణ అమరికలు, మరొకదానిలో ప్రతి దారి స్థితి, లెక్కలు, ఇంకొకదానిలో ఆఖరుగా జరిగిన తప్పుల వివరాలు ఉంటాయి. దారి స్థితి మారినప్పుడు అడగకుండానే కబురు పంపే ఏర్పాటు కూడా ఉంది.

ఈ పట్టికలు చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. దారుల పట్టికలో త్రూపుట్‌ అనే గడి ఉంది. పేరు చూసి అది కొలిచిన వేగమనుకుంటారు. ఆ దారికి అమర్చిన వేగమే అందులో ఉంటుంది. నిజంగా ఎంత నడిచిందో తెలియాలంటే బైట్ల లెక్కను రెండుసార్లు తీసి, తేడాను మధ్యకాలంతో భాగించాలి. ఆ లెక్కపెట్టె 32 బిట్లది. 64,000 బిట్ల లైను నిండుగా నడిస్తే ఆరు రోజుల కొద్ది గంటల్లో అది నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. వారానికొకసారి లెక్క తీసేవారికి ఎంత పెద్ద పొరపాటు వస్తుందో ఊహించవచ్చు.

రెండవ జాగ్రత్త భద్రతది. ఎస్‌.ఎన్‌.ఎం.పి. తొలి రూపంలో అడిగేవారు చెప్పవలసిన సంకేతపదం దారిలో ఏ ముసుగూ లేకుండా ప్రయాణిస్తుంది. చాలా పరికరాలు చదవడానికి 'పబ్లిక్‌', మార్చడానికి 'ప్రైవేట్‌' అనే పదాలతో తయారై వచ్చేవి. వాటిని మార్చకుండా వదిలితే వీధి తలుపు తెరిచి పడుకున్నట్లే. 2002లో ప్రమాణంగా స్థిరపడిన మూడవ రూపంలో ఈ లోపాన్ని సరిదిద్దారు. రూటర్‌ అమరికను కాగితం మీద అచ్చు తీసి ఇతరులకు ఇచ్చేటప్పుడు కూడా అందులోని సంకేతపదాలను ముందుగా తీసివేయాలి.

రాసి పెట్టుకోవడం

మంచి నివేదికలో ఏముండాలి? ప్రతి దారికి రెండు చివర్ల సంఖ్యలు, రెండు చివర్ల చుట్టుబడి, స్విచ్‌తో మాట్లాడే భాష, లైను వేగం, హామీ వేగం, సేవా సంస్థ ఇచ్చిన దారి గుర్తు ఉండాలి. ప్రతి వివరం పక్కన రెండు గడులుండాలి. ఒకటి మనం కోరినది, మరొకటి పరికరం చెప్పినది. ఏ తేదీన అడిగామో పైన రాయాలి. రెండు గడులూ కలవనిచోట కారణం రాయాలి. తేదీ లేని నివేదిక పాత పంచాంగం వంటిది.

పరికరం ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. దాన్ని అలాగే ఎత్తి రాయాలి, ఒక్క అక్షరం మార్చకూడదు. దాని అర్థాన్ని, చేయవలసిన పనిని మాత్రం చదివేవారి భాషలో రాయడమే మేలని మా అభిప్రాయం. శాఖ కార్యాలయంలో రాత్రి కాపలా ఉన్న మనిషికి 'ఈ దీపం ఆరిపోతే ఈ నంబరుకు ఫోను చేయండి, ఈ తీగను మాత్రం ముట్టుకోవద్దు' అని తెలుగులోనో ఒడియాలోనో నాలుగు వాక్యాలు రాసి గోడకు అంటిస్తే, ఇంజనీరు వచ్చేవరకు జరిగే నష్టం సగం తగ్గుతుంది. రాసినవారు ఉద్యోగం మారిపోయినా కాగితం మిగులుతుంది.

కోరినదానినీ ఉన్నదానినీ వేరువేరుగా చూడాలన్న ఈ ఆలోచన తరువాతి పద్ధతుల్లో నియమంగా మారింది. 2006లో వచ్చిన నెట్‌కాన్ఫ్‌ అనే పద్ధతి, నడుస్తున్న అమరికనూ పరికరం లేచేటప్పుడు చదువుకొనే అమరికనూ వేర్వేరు కోశాలుగా చూపింది. 2018లో ఆర్‌.ఎఫ్‌.సి. 8342 ఉద్దేశించిన అమరిక, వాస్తవంగా పనిచేస్తున్న స్థితి అని రెండింటికీ విడివిడిగా పేర్లే పెట్టింది. ఫ్రేమ్‌ రిలే రోజుల్లో పనివారు రెండు అచ్చు కాగితాలను బల్ల మీద పరచి, వేలు పెట్టి వరుస వరుసా పోల్చి చేసిన పనే ఇది.

ఇప్పుడు ఇలాంటి పనుల్లో ఉన్న మన యువతీయువకులు తమ చేతికింది పరికరాల గురించి ఇలాంటి కాగితం ఒకటి తెలుగులో రాసి చూడవలసిందిగా మా మనవి. దానివల్ల పని తేటపడుతుంది. ఆ పనికి తగిన మాటలు మన భాషలో ఎన్ని ఉన్నాయో, ఎన్నింటిని ఇంకా కూర్చుకోవాలో కూడా తెలుస్తుంది.